నొప్పి మాటలు – మందు మాటలు: థైరాయిడ్ శస్త్రచికిత్స పిమ్మట తెలుగు వైద్యవచనము

కోయంబత్తూరులో గాంధీపురము మొదలు పీలమేడు వరకు తరతరములుగా నెలకొన్న తెలుగు కుటుంబములకు ఇంట తెలుగు, వీథిలో తమిళము, కార్యాలయములలో ఆంగ్లము అలవాటైనవి. నిత్యవ్యవహారమున ఇది కొరత కాదు. కాని రోగశయ్యపై దీనికి కఠిన పరీక్ష కలుగును. థైరాయిడ్ గ్రంథికి శస్త్రచికిత్స జరిగి, మెడపై గాటుతో పరుండిన గృహిణి తన బాధను తెలుగున అనుభవించి, తమిళమున చెప్పి, ఆంగ్లమున వ్రాసిన మందును మ్రింగవలసియున్నది. ఇట్టివారి కొరకు వ్రాయు వైద్యవచనము ఎట్లుండవలెనన్నది విమర్శకు తగిన ప్రశ్నయే.

ఈ శస్త్రచికిత్సలోని ప్రాణాపాయమును ఎంతయో తగ్గించిన బెర్న్ నగర వైద్యుడు థియోడోర్ కోషర్‌కు 1909లో నోబెల్ బహుమానము లభించినది. నొప్పి మాత్రము ఏ యంత్రపు తూనికకును లొంగలేదు. 1975లో రోనాల్డ్ మెల్జాక్ ప్రకటించిన మెక్‌గిల్ ప్రశ్నావళి 78 ఆంగ్ల పదములను 20 వర్గములుగా పేర్చి, రోగి మాటనే కొలబద్దగా చేసినది.

తెలుగు ఈ విషయమున పేదది కాదు. మంట, సలుపు, పోటు, పట్టు, గరగర, తిమ్మిరి అనునవి పర్యాయపదములు కావు. గాటువద్ద మంటయు సలుపును కోత వలన. గొంతు గరగర మత్తు ఇచ్చునపుడు దించిన గొట్టము వలన. మెడపట్టు శస్త్రచికిత్సలో మెడను వెనుకకు వంచి యుంచుట వలన. వీనికి సాధారణముగా నొప్పిమాత్ర చాలును. పెదవుల చుట్టును, వ్రేళ్లకొనలందును తిమ్మిరి యన్నచో అది పారాథైరాయిడ్ గ్రంథులు మందగించి కాల్షియము తగ్గుటకు గుర్తు. దానికి నొప్పిమాత్ర పనిచేయదు. మెడ ఉబ్బి, బిగిసి, ఊపిరాడకున్నచో లోపల నెత్తురు చేరుచుండవచ్చును; తత్‌క్షణమే వైద్యుని పిలువవలెను. వీనినన్నిటిని ‘వేదన’ అను ఒక్క పదమున ముంచు రచన గంభీరముగా నుండునేమో గాని, రోగికి కీడు చేయును.

మందు చెప్పు తీరునందును ఇట్టి లోపమే కలదు. ‘అవసరమైనపుడు వాడవలెను’ అను వాక్యము చదివిన పెద్దలు, ఓర్పే గుణమని భరింపరాని దాక ఆగుదురు. మొదటి రెండు మూడు దినములు వైద్యుడు చెప్పిన వేళలకు పారాసిటమాల్ తీసికొనుట నొప్పి ముదిరిన పిదప మ్రింగుట కంటె మేలు. పెద్దలకు 24 గంటలలో 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు 8, మించరాదు. కాలేయవ్యాధి కలవారికి, బక్కవారికి ఇంకను తక్కువ. జలుబు మాత్రలలో గూడ ఇదే మందు ఉండవచ్చునని హెచ్చరింపవలెను. ఐబుప్రోఫెన్ వంటివి కడుపుపుండు, మూత్రపిండవ్యాధి కలవారు వైద్యుని అడుగక తీసికొనరాదు. నల్లమందు జాతి మందులు మలబద్ధమును, వాంతిని కలిగించును గనుక మితముగా వాడుదురు. థైరాక్సిన్ నొప్పిమాత్ర కాదనియు, దానికిని కాల్షియమునకును 4 గంటల ఎడముండవలెననియు స్పష్టముగా వ్రాయవలెను.

కోయంబత్తూరు తెలుగువారికి మరియొక చిక్కు కలదు. తమిళమున ‘వలి’ యన నొప్పి. తెలుగు కావ్యభాషలో ‘వలి’ యన చలి, హిమవంతము వలిమల. ఇది వినోదమే. కాని ‘తిమ్మిరి’ అట్టిది కాదు. దానికి దగ్గరగా వినబడు ‘తిమిరు’ నేటి తమిళ వ్యవహారమున పొగరు. మొద్దుబారుటను వారు ‘మరత్తుప్పోచ్చు’ అందురు. ఈ ఒక్క మాట నర్సుకు అందనిచో కాల్షియము అందుటయు ఆలస్యమగును.

కావున ఇచ్చటి రోగులకు ఇచ్చు కాగితమున ఇంటిమాట, దాని ప్రక్కన తమిళపు మాట, పిమ్మట మందు, మోతాదు, వేళ అను క్రమముండవలెను. శబ్దాడంబరము కావ్యమునకు అలంకారము కావచ్చును. వైద్యవచనమునకు మాత్రము స్పష్టతయే అలంకారము. నొప్పికి సరియైన పేరు పెట్టగల రోగికి సగము వైద్యము అప్పుడే జరిగినట్లు.