సినిమా ముగిసిన చోట

నానావతి కేసును కథగా మలిచిన హిందీ చిత్రం 'రుస్తుం' (2016) జూరీ 'నిర్దోషి' అనడంతోనే సంబరపడి ముగిసిపోతుంది. అసలు నాటకం ఆ తర్వాతే మొదలయిందని ప్రేక్షకుడికి తెలియనివ్వకపోవడమే ఆ చిత్రంలోని పెద్ద లోపం.

1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళాధికారి కవాస్ నానావతి, తన భార్యతో సంబంధం పెట్టుకున్న ప్రేమ్ అహూజాను కాల్చి చంపాడు. తొమ్మిది మంది జూరీలో ఎనిమిది మంది అతను నిర్దోషి అన్నారు. సెషన్సు జడ్జి అందుకు సమ్మతించక కేసును హైకోర్టుకు నివేదించాడు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ముద్దాయి సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకున్నాడు. దాన్ని తోసిపుచ్చుతూ 1961 నవంబరు 24న వెలువడిన తీర్పును రాసినవారు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు.

ఇందులో చమత్కారం ఒకటుంది. జూరీని కాదన్న జడ్జే జూరీకి దారి సరిగా చూపలేదని పై కోర్టులు తేల్చాయి. పెనుగులాటలో రివాల్వరు ప్రమాదవశాత్తు పేలిందని ముద్దాయి వాదన. నేరం రుజువు చేసే భారం ఎప్పుడూ ప్రాసిక్యూషనుదే. కాని ప్రమాదం అనే మినహాయింపు కోరుకున్నవాడు ఆ పరిస్థితులను తానే చూపించాలి. ఆ మినహాయింపుకు చట్టం పెట్టిన షరతులేమిటో, ఆ భారం ఎవరిదో జడ్జి జూరీకి విడమరచి చెప్పలేదు. అడిగిన ప్రశ్నే తప్పయితే జవాబును మాత్రం నిందించి ఏం లాభం?

తీర్పును వచనంగా చదివినా రక్తి కడుతుంది. స్నానం చేసి వచ్చిన అహూజా ఒంటిమీది తువ్వాలు సడలలేదు, జారలేదు. అంత పెనుగులాట జరిగితే అది అలా నిలుస్తుందా? మధ్యాహ్నం 1-30కి ఇల్లు విడిచినవాడు 4-20కి కాల్చాడు. ఈ నడుమ భార్యాబిడ్డలను సినిమా హాలు దగ్గర దింపాడు, ఓడకు వెళ్లి సాకు చెప్పి రివాల్వరు తీసుకున్నాడు. ముద్దాయి ఏ సమాజానికి చెందినవాడో ఆ సమాజంలోని వివేకవంతుడి మనస్సుతోనే ఉద్రేకాన్ని కొలవాలని సుబ్బారావు గారు ఒప్పుకుంటారు. ఆ కొలతకు కూడా దాదాపు మూడు గంటలు మనిషి నిగ్రహం తెచ్చుకోవడానికి చాలునన్నారు.

జనం చప్పట్లు బతికినవాడికే అందుతాయి. చనిపోయినవాడు బోనెక్కి తన మాట చెప్పుకోలేడు. అతని పక్షాన మాట్లాడేది ఆ తువ్వాలూ, ఆ గడియారమే. 'రుస్తుం' అతన్ని అవినీతిపరుడిగా చిత్రించి, చంపినవాడికి దేశభక్తి రంగు పూసింది. 1964లో గవర్నరు నానావతికి క్షమాభిక్ష ప్రసాదించారు. అది దయ. దయ వేరు, నిర్దోషిత్వం వేరు. ఆ తేడా చూపగల కథకుడి కోసం ఈ కేసు ఇంకా ఎదురుచూస్తోంది.