మంట ఉత్తగ పోవద్దు

నారాయణఖేడ్ దిక్కు ఊళ్లలో జొన్నరొట్టె చేసేవాళ్లను చూస్తే ముందుగా కంటబడేది పిండి పని. మసిలే ఎసరు పోసి పిసకడం, అరచేత్తో కొడుతూ గుండ్రంగా తిప్పడం, పెంక మీద వేశాక తడిగుడ్డతో అద్దడం. పొయ్యి పని అంత తొందరగా కనబడదు. ఒక చెయ్యి కంది కట్టెను లోపలికి తోస్తుంది, మళ్లీ వెనక్కి లాగుతుంది. రొట్టెకు ఎంత సెగ కావాలో అంతే. ఆఖరి రొట్టె దిగగానే కట్టెలు బయటికొస్తాయి, మిగిలిన నిప్పుల మీదికి పప్పు గిన్నె ఎక్కుతుంది. పక్కన కాగులో నీళ్లు అప్పటికే కాగి ఉంటాయి. "మంట ఉత్తగ పోవద్దు బిడ్డా" అనేది మా పెద్దమ్మ.

ఆ పొయ్యి మళ్లీ రావాలని నేను కోరను. దాని పొగకు ఎంతమంది ఆడవాళ్ల కళ్లు, ఊపిరితిత్తులు పాడయ్యాయో ఇంటింటికీ తెలుసు. కంది కట్టెలోని కర్బనాన్ని మరుసటేటి పంట తిరిగి పీల్చుకుంటుంది నిజమే కానీ, సగం కాలిన పొగలోని మసి, మీథేన్ భూమిని వేడెక్కిస్తాయి. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలతో సిలిండర్లు రావడం మంచిదే అయింది.

పొయ్యితోపాటు మంటను కనిపెట్టుకునే ఆ చెయ్యి కూడా పోయింది. నా బాధల్లా అదే. స్విచ్చు వేస్తే మనకు మంట కనబడదు. అది రామగుండంలోనో కొత్తగూడెంలోనో మండుతుంది. కోట్ల ఏళ్లు గోదావరి లోయ అడుగున ఉన్న బొగ్గు అది, ఏ పంటా దాన్ని తిరిగి పీల్చుకోలేదు. దేశం మొత్తం మీద సగటున ఒక్కో యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోంది. చలికాలం పొద్దున 20 లీటర్ల బకెట్‌లో హీటర్ రాడ్ వేసి 25 డిగ్రీలు వేడి పెంచితే అర యూనిట్ దాటుతుంది, అంటే 400 గ్రాములు. నీళ్లు మసిలేదాకా రాడ్ తీయని ఇళ్లలో ఇంకా ఎక్కువ.

2024లో గృహజ్యోతి వచ్చాక 200 యూనిట్ల లోపు వాడే పేదిళ్లకు జీరో బిల్లు వస్తోంది. అక్కరకొచ్చిన పథకం, అందులో నాకు రెండో మాట లేదు. అయితే బిల్లు సున్నా అయినంత మాత్రాన బొగ్గు సున్నా కాదు. తప్పు పట్టాల్సి వస్తే మాత్రం ముందు పట్నంలో రాత్రంతా ఏసీ నడిచే గది నుంచే మొదలుపెట్టాలి. ఒక ఫ్యాను, రెండు బల్బులున్న ఇల్లు రాత్రికి ఒక యూనిట్ కూడా కాల్చదు. ఆ గది ఆరేడు యూనిట్లు కాలుస్తుంది.

మంటను కనిపెట్టుకునే ఆ చెయ్యి ఇప్పటి వంటింట్లోనూ పనికొస్తుంది. కుక్కర్ విజిల్ వేశాక మంట పెద్దగా ఉంచినా లోపల వేడి పెరగదు, ఆవిరి బయటికి పోతుందంతే. అప్పుడు మంట తగ్గించాలి. కందిపప్పు ముందే నానబెడితే గ్యాస్ ఇంకా మిగులుతుంది. బాలింతకూ పసిపిల్లలకూ బిందెలు ఎండలో పెట్టి నీళ్లు కాచే అలవాటు మనకు కొత్త కాదు. ఇవి ఎవరికి వాళ్లు చేసుకోగలిగినవి. ఫ్యాను సంగతి వేరు. పాతది 75 వాట్లు తింటే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30తో సరిపెట్టుకుంటుంది, కానీ కొనాలంటే ధర ఎక్కువ. 2015లో ఉజాలా పథకం కింద ఎల్‌ఈడీ బల్బులు చవగ్గా ఇచ్చినట్టే, జీరో బిల్లు వచ్చే ఇళ్లకు ఈ ఫ్యాన్లూ ఇవ్వాలి. మిగిలే ప్రతి యూనిట్ ఖర్చూ ప్రభుత్వానికే కదా తగ్గేది.