అమ్మకానికి కౌంటు, పెరుగుదలకు గ్రాములు

ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర ఎవరిని కదిపినా కౌంటు మాటే. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. 2009లో వనామీ సాగుకు అనుమతి వచ్చాక టైగర్ రొయ్య చాలావరకు తప్పుకుంది గానీ, ఈ లెక్క మారలేదు. రేటు పలికేది దాని మీదే కదా. అమ్మేటప్పుడు కౌంటు చూడండి, కాదనను. పెరుగుదలకు మాత్రం గ్రాములు గీయండి.

"నూరు నుంచి యాభైకి గబగబా దిగిందన్నా, ఇప్పుడు గ్రోత్ ఆగిపోయింది" అని దిగులుపడే రైతులు ప్రతి పంటలోనూ కనిపిస్తారు. వాళ్ల కోసమే ఈ గీత.

విసురు వలలో పడ్డ రొయ్యలను తూచి, లెక్కపెట్టి, గ్రాములను సంఖ్యతో భాగిస్తే సగటు బరువు. 60 రొయ్యలు 240 గ్రాములు తూగితే ఒక్కోటి 4 గ్రాములు. సీడ్ వేసిన నెలకు తొలి శాంప్లింగ్‌లో ఇలా వచ్చిందనుకుందాం. ఆపైన వారానికి 2 గ్రాముల చొప్పున పెరుగుతుందని అంచనా. గళ్ల కాగితం మీద అడ్డంగా వారాలు, నిలువుగా గ్రాములు వేసుకోండి. నిలువు గీత మీద 4 దగ్గర చుక్క పెట్టండి. అక్కణ్నుంచి కుడికి ఒక గడి, పైకి రెండు గడులు, ఇంకో చుక్క. స్కేలు పెట్టి గీత లాగేయండి. బడిలో వై-అంతరఖండం అన్నది ఆ మొదటి చుక్కనే. రెండో చుక్కకు దారి చూపింది వాలు.

ఇప్పుడు గీత మీద చదవండి. మూడో వారానికి 10 గ్రాములు, అంటే 100 కౌంటు. ఎనిమిదో వారానికి 20 గ్రాములు, 50 కౌంటు. పదమూడో వారానికి 30 గ్రాములు, 33 కౌంటు. ఐదేసి వారాల్లో రొయ్య పెరిగింది రెండుసార్లూ పది గ్రాములే. కౌంటు మాత్రం ఒకసారి 50 తగ్గితే రెండోసారి 17 తగ్గింది. రొయ్య ఆగలేదు! ఆగిందనుకుని మేత పెంచితే, తినగా మిగిలింది అడుగున కుళ్లి నీరు పాడవుతుంది. బాగా ఎదుగుతున్న గుంటను ఇలా చేతులారా చెడగొట్టుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

ప్రతి శాంప్లింగ్ బరువునూ అదే కాగితం మీద చుక్కగా పెట్టండి. వరుసగా రెండు చుక్కలు గీత కిందికి జారితే, అప్పుడు ఆక్సిజన్, మేత, జబ్బు చూడాలి.

పక్క గుంట 2 గ్రాముల దగ్గరే మొదలైనా వారానికి రెండున్నర పెరుగుతుంటే, నాలుగో వారానికి రెండు గీతలూ 12 గ్రాముల దగ్గర కలుస్తాయి. చిన్నగా ఉందని దాన్ని తీసిపారేయకండి.

గీతను ఎడమకు మాత్రం పొడిగించొద్దు. రెండు వారాలు వెనక్కి వెళ్తే బరువు సున్నా అని చూపిస్తుంది. అప్పటికి సీడ్ గుంటలో పడి రెండు వారాలు దాటింది. తొలి నెల ఎదుగుదల ఈ వాలులో నడవదు, దానికి వేరే కాగితం తీసుకోవాల్సిందే.