చమురుతెట్టును సూక్ష్మజీవులు హరించునా?

సముద్రములో ఒలికిన చమురును సూక్ష్మజీవులు తినివేయునని పాఠములందు తరచు చెప్పుచుందురు. ఇది సగము సత్యము. ఎంత చమురును, ఎంత కాలములో అను ప్రశ్న ఇందు లోపించినది.

మొదటిది చలి. చలికాలపు ఉదయములందు కర్నూలు, కడప ఇండ్లలో కొబ్బరినూనె పేరుకొనుట విద్యార్థులెరిగినదే. శీతల సముద్రమున ముడిచమురు కూడ చిక్కబడును. ఆవిరి కావలసిన విషపదార్థములు అందే ఎక్కువకాలము నిలుచును. అయినను చలి ఈ జీవులను పూర్తిగా ఆపదు. 2010లో మెక్సికో సింధుశాఖలో సుమారు 5 డిగ్రీల లోతునీటిలోనే చమురు తిను బాక్టీరియాలు విస్తరించినవి.

రెండవది ఎరువు. చమురులో కర్బనము సమృద్ధి. నత్రజని, భాస్వరము స్వల్పము. ఎరువులేని జొన్నచేను వంటిదే ఈ స్థితి. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడనుండి సుమారు 37,000 టన్నుల చమురు ఒలికినపుడు తీరమున ఎరువులు చల్లి ఈ పనిని వేగిరపరచిరి. కాని కంకర క్రింద, ప్రాణవాయువు చాలనిచోట, కొంత చమురు దశాబ్దములు నిలిచెను.

మూడవది శైవలములు, అనగా నాచుజాతి. నీలి-ఆకుపచ్చ శైవలములు స్వల్పముగా హైడ్రోకార్బనులను తయారుచేసి, చమురు తిను జీవులకు నిత్యము ఆహారమిచ్చుచున్నవి. కాని శైవలముల జిగురు చమురుబిందువులను ముద్దగట్టి అడుగునకు దింపును. 2010లో అదియు జరిగెను. పైనీరు తేరినంతమాత్రమున చమురు నశించెననరాదు.

2017 జనవరిలో చెన్నైవద్ద ఎన్నూరులో రెండు ఓడలు ఢీకొన్నపుడు, తీరముచేరిన చమురుముద్దను మనుష్యులే బకెట్లతో ఎత్తిరి. సూక్ష్మజీవులున్నవను ధీమాతో అజాగ్రత్తను మన్నింపరాదు. “అనుకూల పరిస్థితులలో, కొంత చమురును, క్రమముగా” అను మాటలు చేర్చినపుడే ఆ పాఠము శాస్త్రమగును.