ఎండిన గడి

1961లో ఏర్పడి, ఉప్పల్ రోడ్డులో కొలువైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, పటాన్‌చెరు పారిశ్రామిక వాడ నుంచి కలుషితాలు భూగర్భజలంలో ఎటు పాకుతాయో కంప్యూటర్ నమూనాతో అంచనా కట్టి 2001లో ప్రచురించారు. ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల కింద ఉన్నదీ గ్రానైటే కనుక, ఇక్కడి బోర్ల నీటి గురించి అలాంటి లెక్క వేయదలిచినవారికి పాత లెక్కను మళ్లీ నడిపి అదే ఫలితం రాబట్టగలగడం తొలి అవసరం. వ్యాసం ఒక్కటే దొరికితే అది సాధ్యపడదు.

ఈ పనికి విరివిగా వాడే ప్రోగ్రాం మాడ్‌ఫ్లో. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ రూపొందించిన ఇది నేలను గడులుగా, పొరలుగా విడగొట్టి, ఒక్కో గడిలో నీటిమట్టాన్ని లెక్కిస్తుంది. తెలంగాణ గ్రానైటులో పైపొర, అంటే శిథిలమై మెత్తబడిన మొరం, మందం తక్కువ కావడంతో వేసవిలో నీరు దాని కిందికి దిగిపోతుంది. 1988 నాటి మాడ్‌ఫ్లోలో అలా ఎండిన గడి లెక్క నుంచి పూర్తిగా తొలగిపోయేది, దానితోపాటు ఆ గడిలోని బోరు తోడే నీరూ లెక్కలోంచి జారిపోయేది, తర్వాత వానలు పడినా ఆ గడి తిరిగి తడిసేది కాదు. ఎండిన గడిని మళ్లీ తడిపే వీలు 1991లో వచ్చింది. 2011 నాటి మాడ్‌ఫ్లో-ఎన్‌డబ్ల్యూటీ ఆ గడిని అసలు తొలగించకుండానే లెక్క సాగిస్తుంది. కాబట్టి ప్రోగ్రాం ఏ కూర్పో రాయకుండా నీటిమట్టాల పటం మాత్రమే అచ్చువేయడం, ఎంత శ్రద్ధగా చేసిన పరిశోధననైనా సగం పాతిపెట్టడమే.

మాడ్‌ఫ్లో పాత కూర్పులను అమెరికా సర్వే సంస్థ తన వద్ద భద్రపరిచి అందరికీ అందిస్తోంది, అది మెచ్చదగిన పని. ఇన్‌పుట్ ఫైళ్ల బాధ్యత మాత్రం నమూనా కట్టినవారిదే. పాత ఫైళ్లలో ఒక్కో అంకెకు పది అక్షరాల చోటు ఉండేది, ఒక అంకె ఆ హద్దు దాటి పక్కకు జరిగితే విలువే మారేది. నీటిని పారనిచ్చే నేల గుణాన్ని (జలవాహకతను) రోజుకు మీటర్లలో ఇచ్చారో, సెకనుకు మీటర్లలో ఇచ్చారో ప్రోగ్రాం సరిచూడదు, ఆ రెంటి మధ్య తేడా 86,400 రెట్లు. ఫైళ్లతోపాటు, నమూనాను సరిచూసుకున్న బోర్ల కొలతలనూ దాచాలి. నీటి లోతును బోరు గొట్టం (కేసింగు) పైఅంచు నుంచి కొలిచారా, నేలమట్టం నుంచి కొలిచారా అన్నది పక్కనే రాసి ఉండాలి, ఎందుకంటే రోడ్డు ఎత్తు పెంచిన వీధిలో ఆ నేలమట్టాన్ని తర్వాత వచ్చినవారు కనుక్కోలేరు.