పరీక్ష హాలులో చాక్లెట్

మొదటి రకం మధుమేహం ఉన్న విద్యార్థులు పరీక్ష హాలుకు తినుబండారాలు తెచ్చుకోవచ్చునని ఢిల్లీలోని సి.బి.ఎస్.ఇ. బోర్డు 2017లో ప్రకటించింది. చక్కెర బిళ్ళలు, చాక్లెట్, పండ్లు, శాండ్‌విచ్, అర లీటరు నీళ్ళు - ఇదీ ఆనాటి జాబితా. నిర్ణయం మెచ్చుకోదగినదే. అయితే ఏది ఎప్పుడు తినాలో జాబితా చెప్పలేదు. లోపమల్లా అక్కడే ఉంది.

ఈ విద్యార్థుల శరీరంలో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. అందుకే ఇంజక్షన్ తీసుకుంటారు. ఆ మోతాదుకు తగిన ఆహారం అందకపోతే రక్తంలో గ్లూకోజు పడిపోతుంది. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే ప్రమాద సూచనే. చెమటలు, వణుకు, తికమక కలగవచ్చు. తెలిసిన ప్రశ్నకు కూడా జవాబు తట్టదు.

అప్పుడు చాక్లెట్ తింటే ఏమవుతుందో ఆలోచించండి. అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. శాండ్‌విచ్‌లోని పిండిపదార్థం అరగడానికీ సమయం కావాలి. వెంటనే కావలసింది 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్ళు. 15 నిమిషాలయ్యాక రక్తాన్ని మళ్ళీ పరీక్షించాలి. ఇంకా తక్కువగా ఉంటే మరోసారి అంతే తీసుకోవాలి. గ్లూకోజు కుదుటపడ్డాక శాండ్‌విచ్ పనికివస్తుంది.

ఇటువంటి జాబితాలకు ఒక్క వాక్యం చేర్చితే విద్యార్థికీ, ఇన్విజిలేటరుకూ మేలు: "ముందు గ్లూకోజు, తరువాతే మిగిలినవి."