మేము, మనము: పరదేశీయాంగ్లాధ్యాపకుల తెలుఁగు

ఆంధ్రభాషయందు నుత్తమపురుష బహువచనమునకు రెండు రూపములు గలవు. శ్రోతను విడిచి చెప్పునది "మేము". శ్రోతను గలుపుకొని చెప్పునది "మనము". సంస్కృతమున ద్వివచనము ప్రత్యేకముగా నున్నను నీ భేదము లేదు. "వయమ్" అను నొక్కరూపమే యుభయార్థములను మోయును. ఆంగ్లమునందలి "వుయ్" అనునదియు నట్టిదే. కావున నింగ్లీషు నేర్పుటకై తెలుఁగుదేశమునకు వచ్చిన పరదేశీయునకు నిత్యజీవనమునఁ బ్రథమపరీక్ష యీ సర్వనామమే. అట్టివాని రచనను విమర్శించువారికిని నిదియే యొరగల్లు.

ఈ పరీక్ష యెంత సూక్ష్మమో యొక క్రియారూపము చూపును. "చదువుదుము" అనునది "మేము" తోడను "మనము" తోడను బొసఁగును. "చదువుదము" అనినచో శ్రోతను గలుపుకొనక తప్పదు. భేద మొక్క యచ్చు. "రండి, మేము చదువుదము" అను నధ్యాపకుఁడు బాలురను బిలిచిన వాక్యముననే వెలి నుంచుచున్నాఁడు. బాలురు నవ్వుదురు. సూత్ర మెఱుఁగని యా బాలుర నవ్వే యిచ్చట వ్యాకరణశాసనము.

వాడి నుండి సికిందరాబాదునకు రైలుమార్గము 1874లో వెలసినది. తాండూరు, వికారాబాదు ఆ దారిలోనివి. వికారాబాదున నమెరికా మెథడిస్టు మిషనువారు బాలికాపాఠశాలను, వైద్యశాలను నడపిరి. నిజాముల కాలమున నా సీమలో సర్కారుబడి భాష యుర్దూ, ఇంటిభాష తెలుఁగు, తాండూరున కావల కన్నడదేశము. గ్రంథస్థమైన యుర్దూలోని "హమ్" అను పదమునకుఁ గాని, నేఁటి కన్నడములోని "నావు" అను పదమునకుఁ గాని మేము-మనముల భేదము లేదు. కావున నా సీమకు వచ్చిన యాంగ్లాధ్యాపకునకుఁ గచేరీ యుర్దూ యీ విషయమునఁ దోడుపడదు, పొరుగు కన్నడమును దోడుపడదు. తెలుఁగు పలుకు బాలికయే యాతనికి గురువు.

పుస్తకము తోడుపడదా యన్నచోఁ గొంతవఱకుఁ బడును. బందరున మిషనరీగాఁ బనిచేసిన ఆర్డెన్ దొర 1873లోఁ బ్రకటించిన తెలుఁగు వ్యాకరణము పరదేశీయుల కుపకారకమైన గ్రంథము. గ్రాంథికరూపముల ప్రక్క వాడుకరూపములను జూపుట దాని గుణము. కాని యాతఁ డెఱిఁగిన వాడుక తూర్పుతీరపు వాడుక. దానిని వల్లించి వికారాబాదున దిగినవానికి "వచ్చినాఁడు" అనుటకు మాఱు "వచ్చిండు" అనియు, "ఆసుపత్రి" యనుటకు మాఱు "దవాఖాన" యనియు వినవచ్చును. ఇది గ్రంథదోషము గాదు, గ్రంథపు టెల్ల. ఆ యెల్లకావల శేషించినదానిని శిష్యులే చెప్పవలెను. పగలు నేర్పినవాఁడు సాయంకాలము నేర్చుకొనుటకు సిద్ధపడనిచో నాతని తెలుఁగు పొలిమేరయందే నిలుచును.

ఇఁక జీవితములను జూతము. రాబర్టు నోబిల్ 1841లో వచ్చి, 1843లో బందరున నాంగ్లపాఠశాలను స్థాపించి, 1865లో నచ్చటనే కాలధర్మము నొందెను. ఆతని దీక్ష శంకింపరానిది. అయినను 1852లో శిష్యులు క్రైస్తవమతమును స్వీకరింపఁగాఁ దలిదండ్రులు తమ పిల్లలను బడి మాన్పించిరి. అంతదనుక "మన బడి"గా నున్నది "దొరగారి బడి" యయ్యెను. ఓస్వాల్డు కూల్డ్రే 1909 మొదలు 1919 వఱకు రాజమహేంద్రవర కళాశాలకుఁ బ్రధానాధ్యాపకుఁడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆతని ప్రోత్సాహమున బెరిఁగినవారు. నోబిలు గడపిన యేండ్లలో సగమైనను కూల్డ్రే గడపలేదు. ఐనను నాంధ్రచిత్రకళాచరిత్రమున నాతని పేరు మనవారి పేరులతోఁ గలిసి వచ్చుచున్నది. కావున వత్సరసంఖ్య ప్రమాణము గాదు.

కూల్డ్రే 1924లోఁ బ్రకటించిన "సౌత్ ఇండియన్ అవర్స్" వంటి గ్రంథమును దెలుఁగు చేయఁబూనినవారికి ముఖ్యమైన చిక్కిచ్చటనే యున్నది. ప్రతి "వుయ్" కడను ననువాదకుఁ డాఁగవలెను. అన్నిచోట్ల "మేము" అని వ్రాసినచోఁ బరదేశీయుఁడు శాశ్వతముగా వాకిటనే నిలుచును, అది యన్యాయము. అన్నిచోట్ల "మనము" అని వ్రాసినచో దొరతనపు కాలమునందలి యధికార మాప్యాయతగా మాఱును, అది యసత్యము. సందర్భమును బట్టి, ఎవరితో నెవరు గలిసి కూర్చుండిరో యరసి నిర్ణయింపవలెను. ఈ నిర్ణయమే విమర్శ. తక్కినది పదములను మార్చుట మాత్రమే.

"మేము" అని యెవఁడైన నొంటిగాఁ దన పక్షమునఁ జెప్పుకొనవచ్చును. "మనము" అన్నది వక్త యుచ్చరించినంతమాత్రమున సిద్ధింపదు, శ్రోత యంగీకరింపవలయును. పరదేశీయాధ్యాపకుఁ డా మాట ననుట కంటె నాతనిని జేర్చుకొని శిష్యు లా మాట ననుట ముఖ్యము. ఆతని నిత్యజీవనగ్రంథములయందు వెదకవలసిన దదియే.